ఫలితాల మర్నాడు వచ్చేవాళ్లు

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు ప్రభుత్వ జూనియర్ కాలేజీకి పెద్దగా ఎవరూ రారు. పాసైన పిల్లలు ఫోన్లో స్టేటస్‌లు పెట్టుకునే పనిలో ఉంటారు, ఫెయిలైన పిల్లలు ఫోన్ స్విచాఫ్ చేసి ఉంటారు. తల్లిదండ్రులు మర్నాడు వస్తారు. గణితం లెక్చరర్‌గా నా సర్వీసంతా కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల చుట్టుపక్కలే గడిచింది. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలతో గేటుకు ఫ్లెక్సీ కట్టిస్తాం. నిజం చెప్పాలంటే ఆ పిల్లల తల్లిదండ్రులు నాకు అంతగా గుర్తు లేరు. మర్నాడు వచ్చినవాళ్లే గుర్తున్నారు.

మా వైపు చాలా ఇళ్లలో తండ్రి దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు, తల్లి ఇంటిపట్టున బీడీలు చుడుతుంది. అందుకని స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర ముందు కనబడేది తల్లే. తండ్రి ఆమె చేతిలోని ఫోన్లో ఉంటాడు. దుబాయ్ నుంచి వాట్సాప్ కాల్ కలవదు కాబట్టి బోటిమ్‌లో మాట్లాడతారు, అది నడుమ నడుమ తెగిపోతుంటుంది. ఒకసారి "వాణ్ని ఇంట్లకెల్లి ఎల్లగొట్టు" అన్నంతవరకు స్పీకర్లో వినబడి లైను పోయింది. ఆ తల్లి ఫోను కొంగున దోపుకొని, "ఆయన గట్లనే అంటడు గని, ఎన్నిట్ల పోయిండో జర చూడుండ్రి సారూ" అంది.

నా ఉద్యోగంలో విన్న ప్రశ్నల్లో ఇంత తెలివైన ప్రశ్న తక్కువ. ఎన్నిట్లో పోయాడు? దీనికి జవాబుంది. కాగితం మీద రాసి చూపించొచ్చు. తండ్రులు ఎక్కువగా అడిగేది "ఎందుకు పోయిండు?" అని. ఆ ప్రశ్నకు ఆ రోజు ఎవరి దగ్గరా జవాబు ఉండదు. పిల్లవాడి దగ్గర అసలే ఉండదు. అడిగినకొద్దీ వాడు అబద్ధం చెబుతాడు, లేదా నోరు మూసుకుంటాడు. రెండింటికీ తండ్రికి కోపమే వస్తుంది. కాబట్టి నేను చేసే పని ఒకటే: "ఎందుకు" అన్నది సప్లిమెంటరీ ఫలితాలొచ్చే జూన్ దాకా పక్కన పెట్టించడం, "ఎన్ని, ఎప్పుడు" అన్నది ముందుకు తేవడం.

ముందు మార్కుల మెమో చదివి చెప్పాలి. చదువుకున్న తండ్రులకు కూడా ఇంటర్ మెమో సరిగా అర్థం కాదు. ఇన్నేళ్లుగా మా దగ్గర ఎంపీసీకి మొత్తం వెయ్యి మార్కులు, మొదటి ఏడాది 470, రెండో ఏడాది 530. గణితంలో ఏడాదికి రెండు పేపర్లు (మొదటి ఏడాది వన్-ఎ, వన్-బి; రెండో ఏడాది టూ-ఎ, టూ-బి), ఒక్కొక్కటి 75కు. 26 వస్తే పాస్. ఫిజిక్స్, కెమిస్ట్రీ 60కి, 21 రావాలి. భాషలు నూరేసి, అక్కడ 35. ఏ ఒక్క పేపర్లో ఆ గీత దాటకపోయినా మొత్తానికి ఫెయిలే. "ఆరువందల ఎనభై వచ్చినయి, మా పక్కింటోనికి అయిదువందలే వచ్చినయి. వాడెట్ల పాసయ్యిండు, వీడెట్ల ఫెయిలయ్యిండు?" అని ఒక తండ్రి గట్టిగా నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. అతని కొడుకు టూ-బిలో 23 దగ్గర ఆగిపోయాడు. మూడు మార్కులు. అది బోర్డు మీద సుద్దతో రాసి చూపించాక ఆయన భుజాలు కొంచెం దిగాయి. "ఫెయిల్" అన్న మాట ఇంట్లో ఉన్నంతసేపు కొండంత కనబడుతుంది, "టూ-బి, మూడు మార్కులు" అన్నాక చేతికందే పనవుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫలితాలు పేపర్లో నంబర్లుగా వచ్చేవి. నంబరుంటే పాస్, లేకుంటే ఫెయిల్. ఎందులో ఎంత పోయిందో మెమో కాలేజీకి వచ్చేదాకా తెలిసేది కాదు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో నరకం. ఇప్పుడు మార్కులు నిమిషంలో ఫోన్లోకి వస్తాయి. ఇంట్లో నరకం మాత్రం అలాగే ఉంది, పైగా ఊరందరికీ ఒకేసారి తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఫస్టియర్‌లో ఎన్ని పేపర్లు పోయినా సెకండియర్‌లో కూర్చోవచ్చు. ఆ వెసులుబాటు పిల్లల మేలుకోసమే పెట్టారు, కాదనను. కానీ దానివల్లే చాలామంది తల్లిదండ్రులకు నిజం రెండేళ్ల తర్వాత, అదీ వడ్డీతో సహా తెలుస్తుంది. "ఫస్టియర్ పాసయ్యిన అన్నడు సార్, నేను నమ్మిన" అంటుంది తల్లి. వాడికి అప్పటికే వన్-ఎ, వన్-బి, ఫిజిక్స్ మిగిలి ఉంటాయి. ఆ తల్లి ఏడ్చేది మార్కులకు కాదు, ఏడాదిపాటు తన కళ్లముందే అబద్ధం తిరిగినందుకు. ఆ ఏడుపుకు నా దగ్గర సుద్దముక్క పనికిరాదు. కాసేపు కూర్చోబెట్టి చాయ్ తెప్పిస్తాను, అంతే.

మరో చిక్కు కూడా చాలాకాలం నడిచింది. నైతికత, మానవ విలువలు అని ఒకటి, పర్యావరణ విద్య అని ఒకటి పరీక్షలుండేవి. వాటి మార్కులు మొత్తంలో కలవవు కానీ అర్హత సాధించకపోతే పాస్ సర్టిఫికెట్ చేతికి రాదు. పిల్లలు వాటిని లెక్కచేయక ఎగ్గొట్టేవాళ్లు. లెక్కల్లో డెబ్భై తెచ్చుకుని మానవ విలువల్లో మిగిలిపోయిన కుర్రాడి సంగతి వాళ్ల నాన్నకు ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మెమో చదివాక వచ్చే మాట: "పేపర్లు సరిగ దిద్దలేదు సార్." 2019కి ముందు ఈ మాట అంటే లెక్చరర్లం ముఖం చిట్లించేవాళ్లం. ఆ ఏడాది ఏప్రిల్ 18న వచ్చిన తెలంగాణ ఫలితాల తర్వాత ఆ హక్కు మాకు లేదు. తెలుగులో 99 రావలసిన ఒక అమ్మాయికి మెమోలో సున్నా పడింది. పరీక్ష రాసినవాళ్లకు గైర్హాజరు అని వచ్చింది. మూడు లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. నాంపల్లిలో బోర్డు కార్యాలయం ముందు తల్లిదండ్రులు ఎండలో నిలబడ్డారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీని వేసి, ఫెయిలైన అందరి జవాబుపత్రాలనూ ఉచితంగా మళ్లీ పరిశీలింపజేసింది. వెయ్యిమందికి పైగా పాసైనట్టు తేలింది. అప్పటికి కొన్ని ఇళ్లలో పిల్లలు లేరు.

కాబట్టి ఇప్పుడు అనుమానంతో వచ్చిన తండ్రిని నేను కసరను. తేడా మాత్రం విడమరిచి చెబుతాను. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కులు సరిగా కూడారా లేదా అని చూడటమే. రీవెరిఫికేషన్ అంటే దిద్దకుండా వదిలేసిన జవాబు ఏమైనా ఉందేమో చూస్తారు, స్కాన్ చేసిన జవాబుపత్రం మనకు చూపిస్తారు. మా దగ్గర చాలాకాలం మొదటిదానికి పేపరుకు 100 రూపాయలు, రెండోదానికి 600. ఆంధ్రలో 260, 1300. బీడీలు చుట్టే ఇంటికి ఆరువందలంటే చిన్న మాట కాదు. ఇరవై రెండు, ఇరవై నాలుగు దగ్గర ఆగినవాడైతే కట్టమంటాను. తొమ్మిది వచ్చినవాడికైతే ఆ డబ్బు దాచుకొమ్మంటాను. ఎవరికైనా ఒకటి తప్పకుండా చెబుతాను: రీవెరిఫికేషన్ మీద ఆశపెట్టుకుని సప్లిమెంటరీ ఫీజు కట్టడం మానొద్దు. రెండూ కట్టండి. పాసని తేలితే పరీక్ష రాయకుంటే సరిపోయె.

కార్పొరేట్ కాలేజీల్లో చదివి ఫెయిలైన పిల్లల తల్లిదండ్రులు కూడా మా దగ్గరికే వస్తారు. హైదరాబాద్ హాస్టల్లో రెండేళ్లు ఉంచి, పొలం కుదువపెట్టి ఫీజు కట్టినవాళ్లు. ఆ కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప ఎవరూ మాట్లాడలేదని ఒకాయన చెప్పాడు. ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు టీవీలో తిరుగుతుంటే ఈయన కొడుకు నంబరు కూడా వాళ్లకు గుర్తులేదట. ప్రభుత్వ కాలేజీలో మాకు ఎన్ని లోటుపాట్లున్నా మర్నాడు వచ్చినవాళ్లను కూర్చోబెట్టే అలవాటుంది. మా సర్కారు కొలువులో నేను గొప్పగా చెప్పుకునేది అదొక్కటే.

తండ్రుల కోపం గురించి కొంచెం చెప్పాలి. బయటికి అది పరువు గొడవలా కనబడుతుంది. చుట్టాలు ఫోన్లు చేస్తారు, "మీవాడిది ఏమైంది?" అని అడుగుతారు, అడిగేవాళ్లకు జవాబు ముందే తెలిసి ఉంటుంది. కానీ గల్ఫ్ తండ్రిది వేరే బాధ. పదో తరగతి పాసైతే ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) ముద్ర లేని పాస్‌పోర్టు వస్తుంది, కొడుక్కి దుబాయ్ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆ సంగతి అతనికే బాగా తెలుసు. ఒకాయన సెలవు మీద వచ్చి నా ముందు కూర్చుని చెప్పాడు: "నేను క్యాంపుల పది మందిల పంట సార్. ఎండల ఇనుము మోస్త. వాడు నా లెక్క కావొద్దనే గదా నేను పోయింది. ఇప్పుడు వాడు గూడ అటే వస్తే నేను పోయిందెందుకు?" కొడుకు పక్కనే నిలబడి విన్నాడు. తిట్లు తినడం వాడికి అలవాటే. ఈ మాట మాత్రం అంతకుముందెప్పుడూ విన్నట్టు లేడు. తండ్రి ఫోన్లో "ఎల్లగొట్టు" అంటే దాని వెనక ఇదీ ఉంటుంది. తండ్రులు ఇది నేరుగా పిల్లలకే చెబితే సగం పని అయిపోతుంది. చెప్పరు. లెక్చరర్‌కు చెబుతారు.

ఆర్టీసీలో కండక్టర్‌గా చేసే ఇంకొకాయన కొడుకుతో మాటలు మానేశాడు. కొట్టలేదు, తిట్టలేదు. అన్నం దగ్గర కూడా మాట లేదు. తల్లి వచ్చి చెప్పింది. ఆయన్ను పిలిపించి, మీరు ఏమీ చేయట్లేదనుకుంటున్నారు కానీ కుర్రాడికి అదే పెద్ద శిక్ష అని చెప్పాను. "ఏం మాట్లాడాలె సార్? నోరు తెరిస్తే తిట్టే వస్తది" అన్నాడు. అయితే పరీక్ష తేదీలు మాట్లాడండి, బస్సు టైములు మాట్లాడండి అన్నాను. కండక్టర్‌కు బస్సు టైముల కంటే తేలికైన మాట ఏముంటుంది? పరీక్ష సెంటర్‌కు ఏ బస్సెక్కాలో చీటీ మీద రాసిచ్చాడట. తండ్రీకొడుకుల నడుమ మొదలైన సంభాషణ అది.

ఆడపిల్లలది మరో కథ. మగపిల్లవాడు ఫెయిలైతే "ఎందుకు పోయిండు" అంటారు, ఆడపిల్ల ఫెయిలైతే ఏమీ అడగరు. సంబంధం చూస్తారు. "సదువు అబ్బలే సార్, పెండ్లి జేస్తం. మంచి సంబంధమే ఉన్నది" అని నవ్వుతూ చెబుతారు, కార్డు ఇవ్వడానికి వచ్చినట్టు. ఒక్క కెమిస్ట్రీ పేపరు కోసం ఆ పిల్ల చదువు అక్కడ తెగిపోతుంది. ఇక్కడ నేను మెత్తగా ఉండను. సెకండియర్ పిల్లకు చాలాసార్లు పద్దెనిమిదేళ్లు నిండవు. నిండకుండా పెళ్లి చేయడం నేరమని, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఒక్క ఫోన్ పోతే పెళ్లి ఆగుతుందని చెబుతాను. నిండినవాళ్లకైతే బతిమాలతాను. "జూన్ల రిజల్ట్ వస్తది. అంతదాంక ఆగుండ్రి. పాసైన పిల్లకు ఇంకా మంచి సంబంధం వస్తది" అంటాను. చివరి వాక్యం నాకు ఇష్టంలేని వాక్యం. కానీ అదే పనిచేస్తుంది, అందుకే వాడతాను. కొందరు ఆగుతారు. ఆగనివాళ్ల పెళ్లి పత్రికలు కూడా నాకు వచ్చాయి, వెళ్లలేదు.

ఇక మే నెల. సప్లిమెంటరీ క్లాసులు పొద్దున్నే పెడతాం, పదిన్నర దాటితే రేకుల గదిలో కూర్చోలేరు. గణితం పేపరు స్వరూపం పిల్లలకంటే ముందు తల్లిదండ్రులకు చెబుతాను. సెక్షన్ ఎలో పది ప్రశ్నలు, రెండేసి మార్కులు, చాయిస్ లేదు: 20. సెక్షన్ బిలో ఏడింటిలో అయిదు, నాలుగేసి: 20. సెక్షన్ సిలో ఏడింటిలో అయిదు, ఏడేసి: 35. కావలసింది 26. వన్-ఎలో మాత్రికలు ఒక్క అధ్యాయం మీదే 22 మార్కుల ప్రశ్నలు వస్తాయి. వన్-బిలో బిందుపథం, అక్ష పరివర్తనం రెండూ చిన్న అధ్యాయాలు, చెరో నాలుగు మార్కులు. టూ-ఎలో విస్తరణ కొలతలకు తొమ్మిది, పాక్షిక భిన్నాలకు నాలుగు. కూడికలూ హెచ్చవేతలూ వచ్చినవాడు విస్తరణ కొలతలు చేయగలడు. తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి ఇంగ్లిషు మీడియం ఇంటర్‌లో కొట్టుకుపోయిన పిల్లలకు భయం పోగొట్టేది ఈ లెక్కే. ఇది చదువు చెప్పడం కాదు, గట్టెక్కించడమని నా సహోద్యోగి ఒకాయన వెక్కిరించేవాడు. ఒప్పుకుంటాను. మే నెలలో గట్టెక్కించాలి, చదువు జూన్ తర్వాత చెప్పొచ్చు.

ఈ నెలలో తల్లిదండ్రులకు ఒకటే పని అప్పగిస్తాను: పిల్లవాడు క్లాసుకు వచ్చాడా లేదా చూడటం. లెక్కలు రాని తల్లి కూడా నోట్‌బుక్‌లో ఇవాళ్టి తేదీ ఉందా, ఎన్ని పేజీలు నిండాయి అన్నది చూడగలదు. సప్లిమెంటరీలో పొద్దున ఫస్టియర్ పేపర్లు, మధ్యాహ్నం రెండున్నరకు సెకండియర్ పేపర్లు పెడతారు. రెండేళ్ల లెక్కలూ మిగిలినవాడు ఒకే రోజు రెండు పరీక్షలు రాయాలి. అలాంటి పిల్లల తల్లులు టిఫిన్ డబ్బాలతో సెంటర్ బయట వేపచెట్టు కింద కూర్చుంటారు. నడిమధ్యాహ్నం కొడుక్కి అన్నం కలిపి పెడుతూ పొద్దుటి పేపరు గురించి అడగొద్దని చెప్పి పంపుతాం. చాలామంది పాటిస్తారు. పాటించనివాళ్ల పిల్లలు మధ్యాహ్నం హాల్లోకి వచ్చే తీరులోనే తెలిసిపోతుంది.

అందరూ పాసవుతారని చెప్పను. సప్లిమెంటరీలో కూడా పోయేవాళ్లుంటారు. అప్పుడు ఇంకో మాట మాట్లాడాలి: వీడికి ఎంపీసీ ఎవరు ఇప్పించారు? చాలాసార్లు మేనమామో, పక్కింటి ఇంజనీరో. పదో తరగతి మెమో ఎవరూ లాక్కోలేదు కదా. దాంతో ఐటీఐ ఉంది, పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌కు వెళ్లొచ్చు, అక్కడి నుంచి ఈసెట్‌తో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఓపెన్ స్కూల్లో ఇంటర్ రాయొచ్చు. 1982లో పుట్టిన మన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇంటర్ లేనివాళ్లకు కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంటూ వచ్చింది, అలా చదివి ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు మా జిల్లాలో ఎంతోమంది. ఇక ఫెయిల్ అన్న ముద్ర సంగతికొస్తే, 2021 డిసెంబరులో ఫస్టియర్‌లో 49 శాతమే పాసైతే, కరోనా చదువులని తలచి ప్రభుత్వం ఫెయిలైన అందరికీ కనీస పాస్ మార్కులు వేసి పాస్ చేసింది. ఒక్క ఉత్తర్వుతో అటుది ఇటయ్యే ముద్ర కోసం పిల్లవాడి మీద చెయ్యెత్తడం ఎంత దండగో ఆ ఏడాది చాలామంది తండ్రులకు తెలిసివచ్చింది.

తల్లిదండ్రులకు నా మనవి. ఫలితాలు వచ్చిన రాత్రి పిల్లల్ని ఒంటరిగా పడుకోనివ్వకండి, ఎంత ధైర్యంగా కనబడినా సరే. వాళ్ల మాటల్లో తేడా కనబడితే 14416కు ఫోన్ చేయండి. టెలి-మానస్, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. చుట్టాల ఫోన్లు రెండు రోజులు ఎత్తకపోయినా ఏమీ కాదు. మర్నాడు పిల్లల్ని వెంటబెట్టుకుని మెమోతో కాలేజీకి రండి. సప్లిమెంటరీ ఫీజు గడువు సాధారణంగా వారం పది రోజులకు మించి ఉండదు. వేసవి సెలవులే అయినా ఆఫీసు తెరిచే ఉంటుంది.